మూడు ఊళ్ళ బ్యూరెట్

రికార్డు మీద లెక్చరర్ సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్ష గదిలోకి రానివ్వరు. బీయస్సీ చదివిన ప్రతివాడికీ తెలిసిన సంగతే ఇది. ఆ రికార్డులో రాసింది నిజమా అబద్ధమా అని మాత్రం ఎవడూ అడగడు. 2006 మార్చిలో రేపల్లెలో ఒక ఆడపిల్ల అడిగింది.

ఆ పిల్ల పేరు ఇష్రత్. బస్టాండు పక్కన సోడాలు కొట్టే జానీ బాషా కూతురు. రంగనాయకులు గారి డిగ్రీ కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతోంది. రంగనాయకులుకి అలాంటి కాలేజీలు మూడు. రేపల్లెలో ఒకటి, తెనాలిలో ఒకటి, బాపట్లలో ఒకటి. మూడింటికీ మూడు గేట్లు, మూడు బోర్డులు, మూడు రబ్బరు స్టాంపులు ఉన్నాయి. లాబొరేటరీ మాత్రం ఒక్కటే. అది పన్నెండు చెక్కపెట్టెల్లో, వరిగడ్డి మధ్య పడుకుని ఉంటుంది. యూనివర్సిటీ వాళ్ళు ఏ ఊరికి తనిఖీకి వస్తే ఆ ఊరికి వాళ్ళకంటే ముందు వ్యానులో చేరుకుంటుంది. తనిఖీలు, పరీక్షలు లేని రోజుల్లో తెనాలిలో ఒక గోడౌన్లో తాళం కింద ఉంటుంది.

రేపల్లె ల్యాబులో నాపరాతి బల్లలున్నాయి. బల్లలకి కుళాయిలున్నాయి. కుళాయిల్లో నీళ్ళు లేవు. బీరువాల్లో పాత జవాబు పత్రాలున్నాయి. మరి ప్రయోగాలు ఎలా చేశారంటారా? చెవులతో చేశారు. సార్ చదివాడు, పిల్లలు రాసుకున్నారు. మీలో చాలామందికి డిగ్రీలు ఇలాగే వచ్చాయి. కోపం తెచ్చుకోకండి, నేను అబద్ధం చెప్పడం లేదు.

ఆ శుక్రవారం కెమిస్ట్రీ భాస్కరరావు ఆఖరి ప్రయోగం చదువుతున్నాడు. వాయువుల మోలార్ ఘనపరిమాణాలు కొలిచి పోల్చుట. సంగతి చిన్నదే. ఏ గ్యాసైనా సరే, అణువుల లెక్కన సమానంగా తీసుకుంటే అది ఆక్రమించే చోటు ఇంచుమించు ఒకటే. తేలిక హైడ్రోజనైనా అంతే, బరువు కార్బన్ డయాక్సైడైనా అంతే. సున్నా డిగ్రీల దగ్గరికి లెక్కగడితే మోలుకి ఇరవై రెండు పాయింట్ నాలుగు లీటర్లు. ఇది పుస్తకంలో ఉంది. ప్రయోగం దేనికంటే, పుస్తకం నిజం చెప్పిందో లేదో మన చేత్తో మనం చూసుకోవడానికి.

"రాసుకోండి. గది ఉష్ణోగ్రత ఇరవై అయిదు డిగ్రీలు. పీడనం ఏడొందల అరవై. హైడ్రోజన్, ఇరవై రెండు పాయింట్ నాలుగు. ఆక్సిజన్, ఇరవై రెండు పాయింట్ నాలుగు. కార్బన్ డయాక్సైడ్..."

"ఇరవై రెండు పాయింట్ నాలుగు" అని క్లాసు పాట అందుకుంది.

ఇష్రత్ పెన్ను కింద పెట్టింది. "సార్, ఆ ఇరవై అయిదు డిగ్రీలు ఏ ఊళ్ళో అండి?"

"ఏంటి?"

"మార్చి నెలలో రేపల్లెలో పట్టపగలు ఇరవై అయిదు ఉండదు కదండి. ఈ గదిలో థర్మామీటరే లేదు. ఎవరు కొలిచారండి?"

"అవొగాడ్రో కొలిచాడమ్మా. వెళ్ళి అడిగొస్తావా?"

క్లాసు నవ్వింది. ఇష్రత్ నవ్వలేదు. "కొలవకుండా కొలిచినట్టు నేను రాయనండి."

"మీ నాన్న సోడాలో గ్యాసు కొలిచే పోస్తాడా?"

"కొలిచే పోస్తాడండి. లెక్క తప్పితే సీసా పేలి కన్ను పోతుంది."

ఈసారి నవ్వు సార్ మీదికి మళ్ళింది. భాస్కరరావు వచ్చి ఆమె రికార్డు లాక్కుని ఆఖరి బెంచీ కిందికి విసిరేశాడు. అట్ట ఊడి వేలాడింది. "వచ్చే శుక్రవారం పరీక్ష. గురువారం సాయంత్రానికి అన్నీ సంతకాలైపోవాలి. ఇరవై రెండు పాయింట్ నాలుగు రాసి తీసుకురా, సంతకం పెడతా. రాయకపోతే వచ్చే ఏడాది రా."

వచ్చే ఏడాది అనేది ఇష్రత్‌కి లేదు. ఈ ఏడు బీయస్సీ అయితేనే ఆ పైన ఎమ్మెస్సీ అని ఇంట్లో ఒప్పందం. కాకపోతే చదువు ఆగిపోతుంది. జానీ బాషా చెడ్డవాడు కాదు, కానీ మాట అంటే మాటే.

సోమవారం రేపల్లెలో తనిఖీ. మంగళవారం తెనాలి, బుధవారం బాపట్ల. మూడు చోట్లకీ ఒకటే కమిటీ. సోమవారం పొద్దున్నే వ్యాను వచ్చింది. అటెండరు ఏసుపాదం పెట్టెలు దించాడు. పద్నాలుగేళ్ళుగా ఆ గాజు సామాను దించడం, తుడవడం, ఎక్కించడమే ఆయన పని. పెట్టెల మీద తెనాలి కాలేజీ కాగితాలు పీకి రేపల్లె కాగితాలు అంటించాడు. కింద ఎన్ని పొరలున్నాయో, ఆ అంటు గోరుమందం ఎక్కింది.

ప్రిన్సిపాల్ ఆరుగురు అమ్మాయిలను ఎంచి తెల్ల కోట్లు తొడిగించాడు. ఇష్రత్ ఇంగ్లీషు బాగుంటుందని ఆమెనూ నిలబెట్టాడు. "బ్యూరెట్లో రంగునీళ్ళు పోసి, దానివంకే చూస్తూ ఉండండి. ఎవరైనా ఏమైనా అడిగితే నవ్వండి. ముట్టుకోకండి, పగుల్తాయి."

ఆయన అటు తిరగ్గానే ఇష్రత్ రంగునీళ్ళు పారబోసింది.

"ఏం చేస్తున్నావు పాపా?" అన్నాడు ఏసుపాదం.

"నిజంగా చేస్తున్నా బాబాయి. మెగ్నీషియం రిబ్బను ఏ పెట్టెలో ఉంది?"

ఏసుపాదం తలుపు వంక చూసి, నాలుగో పెట్టెలోంచి రిబ్బను చుట్ట తీసి ఇచ్చాడు. చిన్న త్రాసు, థర్మామీటరు, బారోమీటరు ఇచ్చాడు. ఇష్రత్ నలభై మిల్లీగ్రాముల ముక్క తూచింది. కొసన కుళాయి ఉన్న గీతల గాజుగొట్టమే బ్యూరెట్; దాన్ని నీళ్ళతో నింపి తలకిందులుగా, పొడుగు జాడీలో నిలబెట్టింది. ఆమ్లంలో రిబ్బను కరుగుతుంటే హైడ్రోజన్ బుడగలు పైకెక్కి బ్యూరెట్లో నీళ్ళను కిందికి తోశాయి. రిబ్బను మాయమైంది. లోపలి నీళ్ళ మట్టం, బయటి మట్టం ఒకటి చేసి ఆమె గీత చదివింది.

"ముప్పై తొమ్మిది పాయింట్ తొమ్మిది."

"ఆగు పాపా. యాభై గీతకీ కుళాయికీ మధ్య గీతల్లేని చోటుంది చూశావా? మామూలుగా దాంతో పనిలేదు. తలకిందులు చేశాక గ్యాసు మొదట దూరేది అక్కడికే. దాన్ని కొలవకపోతే నీ లెక్క కాలవలో కలిసినట్టే."

"అది ఎంతుంటుంది బాబాయి?"

"నన్నడిగి రాసుకుంటే నువ్వు కొలిచినట్టెలా అవుద్ది? నీళ్ళు పోసి చూడు."

పోసి చూసింది. సరిగ్గా నాలుగు. మొత్తం నలభై మూడు పాయింట్ తొమ్మిది మిల్లీలీటర్లు. కాలేజీలో ఎమ్మెస్సీలు చేసిన నలుగురికీ కనబడని ఆ నాలుగు మిల్లీలీటర్లు, తొమ్మిదో తరగతి తప్పిన ఏసుపాదానికి కనబడ్డాయి. ఎందుకంటే ఆ బ్యూరెట్ ముట్టుకున్నవాడు ఆయనొక్కడే.

కమిటీ వచ్చింది. ముగ్గురు. ఇద్దరు గడియారాలు చూసుకుంటున్నారు. ముందు నడుస్తున్నావిడ ప్రొఫెసర్ అనుపమ. ఆవిడ ఇష్రత్ బల్ల దగ్గర ఒక క్షణం ఆగింది. తలకిందుల బ్యూరెట్ చూసింది. ముందుకెళ్ళింది. వాళ్ళు టిఫిన్ గదిలోకి పోగానే భాస్కరరావు ఇష్రత్ పక్కకి వచ్చాడు.

"ఎవర్నడిగి ముట్టుకున్నావు?"

"ప్రయోగం చేసుకున్నానండి. గది ముప్పై మూడు డిగ్రీలుంది. పీడనం ఏడొందల యాభై ఏడు. నీటి ఆవిరి తీసేసి సున్నా డిగ్రీలకి లెక్కగడితే ఇరవై రెండు పాయింట్ అయిదు వచ్చింది. సంతకం పెట్టండి."

ఆయన కాగితం చూశాడు. లెక్క సరిగ్గా ఉంది. సరిగ్గా ఉండడమే ఆయన్ని మండించింది. "ఒక్క గ్యాసు చేస్తే పోల్చడం ఎట్లాగమ్మా? ప్రయోగం పేరే పోల్చుట. మూడు గ్యాసులూ కావాలి. సాయంత్రం పెట్టెలు తెనాలి పోతాయి. ఇంక దేంతో కొలుస్తావు, మీ నాన్న సోడా సీసాతోనా?"

"మూడూ చేసి తెస్తే పెడతారా?"

"తే. పెడతా."

అది మాట కాదు, ఎగతాళి. కానీ ఆ పిల్ల దాన్ని మాటగానే మూటగట్టుకుంది.

ఇంటికొచ్చి తండ్రికి చెప్పింది. జానీ బాషా సీసాలు కడుగుతున్నాడు.

"మూడో గ్యాసు మనదే బాబా. కార్బన్ డయాక్సైడు."

"దాన్ని నీళ్ళ మీద పడతావా?"

"అవును, అందరూ అంతే."

జానీ బాషా నవ్వాడు. "మీ సార్లు పిచ్చోళ్ళా? ఆ గ్యాసును నీళ్ళు తాగుతాయనే కదా మనం అన్నం తింటున్నాం. మామూలు నీళ్ళ మీద పట్టావంటే సగందాకా తాగేసి కూర్చుంటాయి. తాగి తాగి ఇంక వద్దనే నీళ్ళు కావాలి. సోడా కొట్టి, డబ్బాలో పోసి, బుడగలు చచ్చేదాకా కలుపు. ఆ నీళ్ళు ఇంక తాగవు." చేతిలో సీసా పక్కన పెట్టి, "నీకు ఇదంతా అవసరమా? రాయమన్నది రాసి రాకూడదా?" అన్నాడు.

"నువ్వు గ్యాసు కొట్టకుండా సోడా అని అమ్ముతావా?"

ఆయన మళ్ళీ సీసాలు కడుక్కున్నాడు.

మంగళవారం పొద్దున పాసింజర్ ఎక్కి ఇష్రత్ తెనాలిలో దిగింది. కాలేజీ గేటు దగ్గర ఎవడో ఆపుతాడనుకుంది. ఎవడూ ఆపలేదు. అక్కడి ప్రిన్సిపాల్ మాణిక్యాంబ వరండాలో హడావుడిగా తిరుగుతోంది. ఇష్రత్ చేతిలో రికార్డు చూడగానే ఆగింది.

"సామానుతో వచ్చావామ్మా?"

"అవునండి" అంది ఇష్రత్. సామాను కోసమే వచ్చింది కాబట్టి.

"హమ్మయ్య. హెడ్డాఫీసు వాళ్ళు అమ్మాయిని కూడా పంపుతున్నామని ముందు చెప్పొచ్చు కదా. రా, కోటు వేసుకో. పద్నాలుగో నంబరు పిల్ల రాలేదు, ఎవరైనా అడిగితే పద్నాలుగు అని చెప్పు. టిఫిన్ చేశావా?"

ఆ కాలేజీల్లో ఇలాంటి పొరపాటు పుట్టక ఏమవుతుంది? అక్కడ కుర్చీలు ఊళ్ళు తిరుగుతాయి. గాజు సామాను తిరుగుతుంది. లైబ్రరీ పుస్తకాలు బస్తాల్లో తిరుగుతాయి. లెక్చరర్ కూడా తిరుగుతాడు. భాస్కరరావు మూడు స్టాఫ్ లిస్టుల్లోనూ ఉన్నాడు. రేపల్లెలో కె. భాస్కరరావు, తెనాలిలో భాస్కర్ కె., బాపట్లలో కె.బి. రావు. ఇన్ని తిరుగుతున్న చోట ఒక పిల్ల కూడా సామానుతో పాటు దిగిందంటే ఎవడికి వింత?

భాస్కరరావు తెనాలి కెమిస్ట్రీ హెడ్డుగా టై కట్టుకుని ల్యాబులోకి వచ్చాడు. కిటికీ పక్క బల్ల దగ్గర ఇష్రత్ పర్మాంగనేట్ వేసిన పరీక్షనాళిక తూస్తోంది. ఆయన నోరు తెరిచాడు. మాణిక్యాంబ పక్కనే ఉంది. కమిటీ జీపు గేట్లోకి వస్తోంది. నోరు మూశాడు.

"నువ్వు ఇక్కడెందుకున్నావు?" అన్నాడు పళ్ళ మధ్యలోంచి.

"రెండో గ్యాసండి. ఆక్సిజను."

"గెంటించేస్తా."

"గెంటించండి. ఎందుకు గెంటారంటే రేపల్లె అమ్మాయి అని చెప్పాలి. మీకెలా తెలుసంటే రేపల్లె సారు అని చెప్పాలి."

"చాలా తెలివైనదానివి అనుకుంటున్నావు కదా."

"లేదండి. మీరు తే అన్నారు, తెస్తున్నాను."

ఏసుపాదం స్పిరిటు దీపం వెలిగించి పక్కకి జరిగాడు. ఊదారంగు పలుకులు చిటపటలాడాయి. బుడగలు ఎక్కాయి. నాళిక చల్లారాక మళ్ళీ తూచింది. యాభై రెండు మిల్లీగ్రాములు తగ్గింది. పోయిన బరువంతా బ్యూరెట్లో ఉన్న ఆక్సిజనే. గది ముప్పై నాలుగు డిగ్రీలు, పీడనం ఏడొందల యాభై ఆరు. లెక్కగడితే ఇరవై రెండు పాయింట్ ఆరు. నిన్నటి గ్యాసుకి ఇవాళ్టి గ్యాసు పదహారు రెట్లు బరువు. అయినా రెండూ ఇంచుమించు అదే చోటు అడిగాయి. ఇష్రత్ ఆ అంకె కింద రెండు గీతలు గీసింది. పుస్తకంలో వందసార్లు చదివిన మాట అది. ఇప్పుడు తన చేతి కింద జరిగింది.

అనుపమ బల్ల దగ్గరికి వచ్చింది. ఈసారి కాస్త ఎక్కువసేపు ఆగింది. "గది ఉష్ణోగ్రత ఎంతమ్మా?"

"ముప్పై నాలుగండి."

అనుపమ చూపు పక్క బల్ల మీద పేర్చిన రికార్డుల మీదికి పోయింది. పైది తెరిచే ఉంది. ఇరవై అయిదు డిగ్రీలు, ఏడొందల అరవై. ఆవిడ దాన్ని మూసి, టిఫిన్ గదిలోకి వెళ్ళింది. మూసింది. గుర్తుపెట్టుకోండి. చూడక కాదు, చూసే మూసింది.

బుధవారం ఇష్రత్ మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాతో బాపట్ల బస్సెక్కింది. అక్కడా గేటు దగ్గర ఎవడూ ఆపలేదు. బాపట్లకి రంగనాయకులు స్వయంగా వచ్చాడు. తెల్ల బట్టలు, రెండు సెల్‌ఫోన్లు. మూడు ఊళ్ళల్లోనూ తన పిల్లల మొహం ఒక్కటీ ఆయనకి తెలియదు. ఇష్రత్‌ని చూపించి కమిటీతో అన్నాడు, "మా అమ్మాయిలు ఇంతేనండి. పొద్దున వచ్చారంటే సాయంత్రందాకా ల్యాబు వదలరు. పుట్టి పెరిగిందంతా ఇక్కడే అన్నట్టుంటారు."

అనుపమ ఇష్రత్ మొహం వంక చూసింది. ఇష్రత్ అనుపమ మొహం వంక చూసింది. భాస్కరరావు బల్ల వంక చూశాడు.

సున్నపురాయి పొడి నూట అరవై అయిదు మిల్లీగ్రాములు. మొదట మామూలు నీళ్ళ మీదే పట్టింది. తండ్రి మాట నిజమో కాదో అది కూడా చూడాలి కదా. ముప్పై ఏడు పాయింట్ ఆరు మిల్లీలీటర్లు. లెక్కగడితే పంతొమ్మిది పాయింట్ నాలుగు.

భాస్కరరావు అప్పటిదాకా కాచుకుని ఉన్నాడు. ఆ అంకె చూసి దగ్గరికొచ్చాడు. "అయిపోయిందా? పంతొమ్మిది. తెలివి మొత్తం బయటపడిందా? కొట్టేసి ఇరవై రెండు పాయింట్ నాలుగు రాయి."

"కొట్టెయ్యనండి. ఇది కూడా రాస్తాను. నీళ్ళు తాగిన లెక్క ఇది."

జాడీలో నీళ్ళు పారబోసి, డబ్బాలోని చచ్చిన సోడా పోసింది. మళ్ళీ తూచింది, మళ్ళీ పట్టింది. నలభై రెండు పాయింట్ ఏడు. గది ముప్పై రెండు డిగ్రీలు, పీడనం ఏడొందల యాభై ఏడు. ఇరవై రెండు.

ఇరవై రెండు పాయింట్ అయిదు, ఇరవై రెండు పాయింట్ ఆరు, ఇరవై రెండు. మూడూ పుస్తకంలో అంకెలు కావు. మూడూ నిజం. ఇష్రత్ పట్టిక గీసింది. తేదీ, స్థలం, ఉష్ణోగ్రత, పీడనం, బరువు, ఘనపరిమాణం. నింపి, ఊడిన అట్టకి దారం కుట్టిన ఆ రికార్డు భాస్కరరావు ముందు పెట్టింది.

ఆయన చదివాడు. వేలు రెండో గడి మీద ఆగింది. రేపల్లె. తెనాలి. బాపట్ల.

"ఈ స్థలం గడి తీసెయ్యి. పెడతా."

ఇక్కడ ఆ పిల్ల నిజంగానే తడబడింది. ఒక్క గడి. చాకుతో గీకితే పోతుంది. పరీక్ష, డిగ్రీ, ఎమ్మెస్సీ అన్నీ ఆ గడికి ఇవతలే ఉన్నాయి. పెన్ను కూడా చేతిలోకి తీసుకుంది.

"తీసేస్తే..." అంది నెమ్మదిగా, "మూడు రోజులు మూడు ఉష్ణోగ్రతలు ఎందుకున్నాయో ఎవరికి అర్థమవుద్దండి? ఎక్కడ కొలిచామో చెప్పకపోతే అది కొలతెలా అవుద్ది?"

"నాకు పాఠం చెప్పకు."

"మీరు చెప్పలేదు కాబట్టి నేను చెప్పుకుంటున్నాను."

ఇద్దరి వెనకా ఎవరో నిలబడ్డారు. అనుపమ. చెయ్యి చాపి రికార్డు తీసుకుంది. నిలబడే మొత్తం చదివింది. "బ్యూరెట్‌లో గీతల్లేని భాగం కలిపావా?"

"కలిపానండి. నాలుగు."

"సోడా ఆలోచన ఎవరిది?"

"మా నాన్నదండి. సోడాలు కొడతాడు."

ఆవిడ భాస్కరరావు వైపు తిరిగింది. "ఇందులో తప్పేం లేదు. సంతకం పెట్టండి."

"స్థలాలు చూశారా మేడమ్?"

"చూశాను."

"ఆ మూడు చోట్లా మీరు కూడా ఉన్నారు. నిన్నా మొన్నా రెండు రిపోర్టులు రాశారు. ప్రతి కాలేజీకీ సొంత ల్యాబు ఉందని." భాస్కరరావు గొంతు లేవలేదు, కానీ అందులో మూడు రోజుల విషం ఉంది. "ఇది నిజమైతే అవి అబద్ధం. మూడో రిపోర్టు మీ చేతిలోనే ఉంది. అందులో మీరేం రాస్తారో రాయండి, ఆ తర్వాత ఇందులో నేను పెడతా."

గాజు తుడుస్తున్న ఏసుపాదం తలెత్తి చూశాడు.

"నన్ను సోమవారం కూడా చూశారు కదండి మీరు" అంది ఇష్రత్. "అడుగుతారేమో అనుకున్నాను."

అనుపమ మొహం ఎర్రబడింది. రికార్డు బల్ల మీద పెట్టింది. "రిపోర్టు గెస్ట్‌హౌస్‌లో రాస్తాను. ఇక్కడ కాదు" అంది. పెన్ను మూత పెట్టి సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. చదువు, పదవి, జీపు అన్నీ ఉన్న మనిషి. ఆ బల్ల దగ్గర రెండు నిమిషాలు నిలబడలేకపోయింది. ఆవిడ మీద నాకు జాలి లేదు.

"చూశావా?" అన్నాడు భాస్కరరావు. "పెద్ద మేడమే పారిపోయింది. నన్ను మాత్రం పట్టుకుని పీడిస్తున్నావు."

"ఆవిడ పెన్ను ఆవిడ పట్టుకెళ్ళిందండి. మీది మీ జేబులోనే ఉంది."

అదే సమయానికి వరండాలోంచి రంగనాయకులు గొంతు. "ఏవయ్యా మాస్టారూ, కమిటీ పని అయిపోయింది, ఏసుపాదానికి ఓ చెయ్యి వెయ్యి. పెట్టెలు తొందరగా ఎక్కించాలి. ఆ టై తీసి పక్కన పెట్టు, మాసిపోద్ది."

భాస్కరరావు టై తీయలేదు. పెన్ను తీశాడు. తలెత్తకుండా ఇష్రత్‌తో అన్నాడు, "నీ మీద ప్రేమతో పెడుతున్నాననుకోకు. నువ్వంటే నాకు ఒళ్ళు మంట."

"తెలుసండి."

"మొదటి కార్బన్ డయాక్సైడు రీడింగు తక్కువెందుకొచ్చిందో కారణం రాయలేదు. కారణం లేని అంకె పెడితే నేను సంతకం పెట్టను. కూర్చుని రాయి."

ఆమె కూర్చుని నాలుగు లైన్లు రాసింది. ఆయన చదివాడు. ఒక మాట కొట్టి సరిదిద్దాడు. మూడేళ్ళలో ఆయన చెప్పిన పాఠం అదొక్కటే. అప్పుడు సంతకం పెట్టాడు, పూర్తి పేరుతో. కింద తేదీ వేశాడు. తేదీ కింద బాపట్ల అని రాశాడు.

రంగనాయకులు గుమ్మంలోకి వచ్చాడు. "ఏంటది?"

"రికార్డు. సంతకం పెట్టాను."

"ఎవరిది?"

"రేపల్లె అమ్మాయిది."

"రేపల్లె అమ్మాయికి బాపట్లలో ఏం పని?"

"నాకేం పనో ఆ అమ్మాయికీ అదే పని."

రంగనాయకులు ఒక అంగలో వచ్చి రికార్డు అంచు పట్టుకున్నాడు. రెండో అంచు ఇష్రత్ పట్టుకుంది. అట్ట దారం కిర్రుమంది.

"వదులు" అన్నాడాయన.

"లాగండి సార్. చిరుగుద్ది. చిరిగిందే పరీక్షకి పట్టుకెళ్తాను. ఎందుకు చిరిగిందని ఎగ్జామినరు అడుగుతాడు, చెప్తాను. పక్క గదిలో కమిటీ సార్లు ఇద్దరు ఇంకా తింటున్నారు, కావాలంటే ఇప్పుడే చెప్తాను."

"నీ చదువు ఎట్లా పూర్తవుద్దో చూస్తా."

"చూద్దురుగాని. వదలండి."

పక్క గదిలో ఎవరో మంచినీళ్ళు అడిగారు. రంగనాయకులు చెయ్యి వదిలాడు. ఇష్రత్ రికార్డు చంకలో పెట్టుకుని, ఖాళీ డబ్బా పట్టుకుని, ఏసుపాదానికి వస్తానని చెప్పి, గేటు దాటింది. వెనక పెట్టెలు ఎక్కించింది ఏసుపాదం ఒక్కడే. కాసేపటికి డ్రైవరు దిగి ఒక చెయ్యి వేశాడు.

అనుపమ గెస్ట్‌హౌస్‌లో ఏం రాసిందో మనకు ఎవరూ చెప్పరు. ఆ మూడు కాలేజీలూ ఆ జూన్‌లో మళ్ళీ తెరిచారు. అంతమాత్రం నేను కళ్ళారా చూశాను.

శుక్రవారం రేపల్లెలో ప్రాక్టికల్ పరీక్ష. వ్యాను మళ్ళీ వచ్చింది. భాస్కరరావు రాలేదు. ఆయన బదులు ముందురోజే చేరిన ఒక కుర్ర లెక్చరర్ గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరి రికార్డు తెరిచి సంతకం చూస్తున్నాడు. ఇష్రత్ రికార్డు దగ్గర ఆగాడు. ఊళ్ళ పేర్లు చూశాడు, సంతకం చూశాడు, ఏదో అడుగుదామనుకున్నాడు. సంతకం మాత్రం ఉంది. లోపలికి వదిలాడు.

ఎగ్జామినరు ఎక్కడో దూరం నుంచి వచ్చిన ముసలాయన. అప్పటికి పంతొమ్మిది రికార్డులు తిప్పాడు. పంతొమ్మిదింట్లోనూ ఇరవై అయిదు డిగ్రీలు. ఇరవయ్యోది తెరిచి కళ్ళజోడు సరిచేసుకున్నాడు.

"ఒక్క ప్రయోగం కోసం మూడు ఊళ్ళు తిరిగావా అమ్మాయ్?"

"నేను తిరగలేదండి. సామాను తిరిగింది. నేను దాని వెనకాల వెళ్ళాను."

ఆయన ఆమె వంక చూశాడు. తర్వాత గదిలో బల్లల మీదున్న గాజు సామాను వంక, గోడవారగా ఉన్న పన్నెండు పెట్టెల వంక చూశాడు. పేజీ తిప్పకుండానే, ఆ పట్టిక కింద తన సంతకం పెట్టడానికి పెన్ను తీశాడు.